ఒడ్డు మీద ఎన్ని గంటలు? జంతువుల దీవులకు చిన్న ఓడను ఎంచుకునే లెక్క

విశాఖలో క్రూజ్ అనగానే చాలామంది కళ్ల ముందు మెదిలేది 2022 జూన్‌లో రేవుకు వచ్చిన కార్డీలియా ఎంప్రెస్. పదకొండు అంతస్తులు, ఈతకొలను, బఫే, రాత్రయితే పాటలూ డాన్సులూ. 2023 సెప్టెంబరులో పోర్టులో ప్రారంభమైన క్రూజ్ టెర్మినల్ కూడా అలాంటి ఓడలను దృష్టిలో పెట్టుకుని కట్టిందే. సుమారు 96 కోట్ల రూపాయలు ఖర్చయింది, రెండు వేల మంది దిగినా తట్టుకుంటుంది. ఆ తరహా ప్రయాణంలో ఓడే ఊరు. రేవు దారిలో వచ్చే బస్టాండు లాంటిది. దిగినా సరే, లోపలే కూర్చున్నా సరే.

జంతువులనూ పక్షులనూ చూడ్డానికి పసిఫిక్‌లోని గాలాపగోస్ దీవులకో, అంటార్కిటికాకో, ఇండోనేషియాలోని కొమోడోకో వెళ్లే చిన్న ఓడల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ ఓడ తినడానికీ పడుకోవడానికీ బస మాత్రమే. పెట్టే డబ్బంతా ఒడ్డు కోసం. స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో పనిచేసి రిటైరైనవాళ్లు, పిల్లలు అమెరికాలో స్థిరపడ్డవాళ్లు ఇలాంటి ప్రయాణాల గురించి వాకబు చేస్తే, ఏజెంట్లు పంపే బ్రోచరులో ముందు పేజీలన్నీ గదుల ఫోటోలే. బాల్కనీ ఉందా, డెక్కు మీద వేడినీళ్ల తొట్టి ఉందా అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. అడగాల్సిన మొదటి ప్రశ్న వేరే ఉంది: రోజుకు ఎన్ని గంటలు ఒడ్డు మీద ఉంటాం? ఓడ సైజు, దారి, నెల, గది ఎక్కడుంది, మోకాళ్లు సహకరిస్తాయా లేదా అనే మిగతా విషయాలన్నీ ఆ గంటలను పెంచేవో తుంచేవో అవుతాయి.

ఈ రకం ప్రయాణానికి దారి వేసినవాడు లార్స్-ఎరిక్ లిండ్‌బ్లాడ్. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఈయన 1966లో మామూలు ప్రయాణికులను అంటార్కిటికాకు తీసుకెళ్లాడు. 1969లో ఇదే పని కోసం లిండ్‌బ్లాడ్ ఎక్స్‌ప్లోరర్ అనే చిన్న ఓడ కట్టించాడు. రేవు లేని చోట లంగరు వేయడం, గాలి నింపిన రబ్బరు పడవల్లోకి జనాన్ని దించి పదేసి మంది చొప్పున ఒడ్డుకు చేర్చడం అప్పటి పద్ధతి. ఇప్పటికీ అదే పద్ధతి. ఆ పడవలను గాలాపగోస్‌లో పాంగా అంటారు. మిగతా చోట్ల తయారుచేసే కంపెనీ పేరే వాటికి స్థిరపడిపోయింది, జోడియాక్ అని.

వంద మంది గీత

చిన్న ఓడ అన్నప్పుడు ఎంత చిన్నది? కంపెనీలు 12 మంది పడవనూ చిన్నదే అంటాయి, 400 మంది ఓడనూ చిన్నదే అంటాయి. మూడు వేల మంది ఓడ పక్కన పెడితే రెండూ చిన్నవే మరి. కానీ ఒడ్డు దగ్గరి నియమాలు చూస్తే తేడా తెలుస్తుంది.

అంటార్కిటికాకు వెళ్లే టూర్ ఆపరేటర్ల సంఘం ఐఏఏటీఓ 1991లో ఏర్పడింది. దాని నియమం ప్రకారం ఒక చోట ఒకేసారి ఒడ్డున ఉండాల్సింది గరిష్ఠంగా 100 మంది. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ అసలు ఎవరినీ దించకూడదు, డెక్కు మీద నుంచి చూసి వెనక్కి రావాల్సిందే. ఇప్పుడు కాగితం మీద లెక్క వేద్దాం. ఒక పూట ఒడ్డు దగ్గర మూడు గంటలు దొరికాయనుకుందాం. 90 మంది ఓడ అయితే అందరూ దిగి ఆ మూడు గంటలూ పెంగ్విన్ల మధ్య ఉండొచ్చు. 190 మంది ఓడ అయితే సగం మంది దిగుతారు, మిగతా సగాన్ని జోడియాక్‌లలో మంచుగడ్డల మధ్య తిప్పుతారు, గంటన్నర తర్వాత మార్పిడి. 390 మంది ఓడ అయితే నాలుగు జట్లు, ఒక్కో జట్టుకు 45 నిమిషాలు. అందులో బూట్లు కడుక్కోవడం, లైఫ్ జాకెట్ వేసుకోవడం, మెట్ల దగ్గర క్యూ తీసేస్తే మిగిలేది చూసుకోండి. పది రోజుల టికెట్టు డబ్బు కట్టి పూటకు అరగంట పెంగ్విన్లను చూడటం లాభమా కాదా అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి.

అంటే అంటార్కిటికాలో 50 మంది ఓడకూ 90 మంది ఓడకూ ఒడ్డు గంటల్లో పెద్ద తేడా రాదు. 90కీ 190కీ మధ్య సగానికి సగం పడిపోతుంది. ‘ఎంత చిన్నదైతే అంత మంచిది’ అనే మాట అందుకే సగమే నిజం. గీత ఎక్కడ గీశారో చూడాలి, ఓడ దానికి ఇవతల ఉందా అవతల ఉందా అన్నది చూడాలి. ఆర్కిటిక్‌లోనూ గీతలు బిగుస్తున్నాయి. నార్వే ప్రభుత్వం 2025 జనవరి నుంచి స్వాల్‌బార్డ్ దీవుల రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించిన ఓడలను రానివ్వడం లేదు. పాత బ్రోచరు చూసి బుక్ చేసుకునేవాళ్లు ఇలాంటి మార్పుల దగ్గరే దెబ్బతింటారు.

గాలాపగోస్‌లో లెక్క ఇంకో రకం. దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ తీరానికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ దీవుల్లో 97 శాతం నేల 1959 నుంచి జాతీయ పార్కు. అక్కడ అతి పెద్ద ఓడకే 100 మంది పరిమితి. ప్రతి 16 మందికి పార్కు అనుమతి ఉన్న గైడ్ ఒకరు తప్పనిసరి. అందుకే అక్కడ చాలా పడవలు సరిగ్గా 16 మందికే కట్టి ఉంటాయి, ఒక గైడ్‌తో పని జరిగిపోతుంది కాబట్టి. ఏ రోజు, ఏ పూట, ఏ ఒడ్డుకు వెళ్లాలో కూడా పార్కే ముందుగా నిర్ణయిస్తుంది. ఉదయం ఆరుకు ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఒడ్డున ఎవరూ ఉండకూడదు. కాబట్టి ఓడ చిన్నదైనంత మాత్రాన గంటలు దొంగిలించి ఎక్కువ చూపించడం కుదరదు.

అక్కడ చిన్న పడవకు దొరికే లాభం వేరు. 16 మంది రెండు పాంగాల్లో పది నిమిషాల్లో దిగిపోతారు. 96 మంది అయితే ఆరు జట్లు, ఒకదాని వెనక ఒకటి. గాలాపగోస్ దారులు ఇరుకు. రెండు పక్కలా తెల్లటి రాళ్లో కొయ్య గూటాలో పాతి ఉంటాయి, వాటి మధ్యే నడవాలి. ముందు వెళ్లిన జట్టు ఒక నీలికాళ్ల బూబీ పక్షి గూడు దగ్గర ఆగితే వెనక జట్టు ఎండలో నిలబడాలి. ప్రతి జంతువుకూ రెండు మీటర్ల దూరం పాటించాలి. ఆ దూరం మనిషి పాటిస్తాడు గానీ జంతువు పాటించదు. సముద్రపు సింహం దారికి అడ్డంగా పడుకుంటే అది లేచేదాకా ఆగడమే.

చిన్న పడవలో చిక్కు కూడా ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. గైడ్ ఒక్కరే. ఆయనకు పక్షుల మీద ప్రేమ ఉంటే వారమంతా పండగ. ‘ఇది ఇగ్వానా, అది కూడా ఇగ్వానా, పదండి’ అనే రకమైతే వారమంతా అదే. ఆరుగురు గైడ్లున్న ఓడలో రెండో రోజు మెల్లగా జట్టు మారిపోవచ్చు. భోజనాల బల్ల సంగతీ అంతే. పదహారు మంది కొత్తవాళ్లతో ఏడు రోజులు ఒకే బల్ల అంటే పెళ్లి విడిదిలో ఇరుక్కున్నట్టు. చుట్టాలు మంచివాళ్లయితే విడిది కంటే సుఖం లేదు, కాకపోతే తప్పించుకునే గది కూడా ఉండదు. ఇంగ్లిషులో గంటల తరబడి కబుర్లు చెప్పడం ఇబ్బందిగా ఉండే పెద్దవాళ్లకు 40 నుంచి 100 మంది ఓడ హాయిగా ఉంటుంది. ఈ కోణం ఏ రేటింగులోనూ కనబడదు.

ఊగుడు తినేసే గంటలు

విశాఖవాళ్లకు సముద్రం కొత్త కాదనే ధీమా ఒకటి ఉంటుంది. బీచ్ రోడ్డు మీద రోజూ వాకింగ్, ఇంటి మేడ మీద నుంచి లంగరు వేసిన ఓడలు. కానీ అది ఒడ్డు నుంచి చూసిన సముద్రం. రాత్రంతా దాని మీద పడుకున్నవాళ్లు ఫిషింగ్ హార్బర్ మరపడవల మీద వెళ్లేవాళ్లే, మిగతా ఊరు కాదు. అరకు ఘాట్ రోడ్డు మీద సగం దూరం దాటక ముందే అవోమిన్ మాత్ర వెతుక్కునేవాళ్లు ఓడ విషయంలో ముందే జాగ్రత్త పడాలి. రెండిటికీ కారణం ఒకటే. చెవి లోపల తూకం చూసే భాగం కదులుతున్నామంటుంది, ఎదురుగా గది గోడను చూస్తున్న కన్ను కదలడం లేదంటుంది. ఆ తగాదాలో ఓడిపోయేది కడుపు.

ఓడ ఎంత చిన్నదైతే అల దాన్ని అంత సులువుగా ఎత్తి దించుతుంది. పెద్ద క్రూజ్ ఓడలో తెలియని అల, 30 మీటర్ల పడవలో బల్ల మీది గ్లాసును దొర్లిస్తుంది. రెండు పొట్టలున్న కాటమరాన్ రకం పడవలు పక్కలకు తక్కువ ఒరుగుతాయి గానీ కదలిక చురుగ్గా, కుదుపుగా ఉంటుంది. కొందరికి ఆ కుదుపే ఎక్కువ బాధ. మన తెప్ప పేరు (తమిళం వైపు కట్టుమరం) ప్రపంచమంతా తిరిగి ఇలాంటి ఖరీదైన పడవకు అంటుకోవడం ఒక తమాషా. ‘మా ఓడకు స్టెబిలైజర్లు ఉన్నాయి’ అని బ్రోచరులో రాసి ఉంటే ఒక ప్రశ్న అడగాలి: లంగరు వేసినప్పుడు కూడా పనిచేస్తాయా? చేప రెక్కల్లా నీళ్లలోకి చాచుకునే మామూలు స్టెబిలైజర్లు ఓడ నడుస్తున్నప్పుడే పనిచేస్తాయి, నీళ్లు వాటి మీదుగా పారాలి. నిలబడ్డ ఓడలో కూడా పనిచేసే రకం వేరే ఉంది, ఖరీదెక్కువ.

గది ఎంపిక దగ్గర జనం డబ్బు పోసి తిప్పలు కొనుక్కుంటారు. పై అంతస్తు, ముందు భాగం, పెద్ద కిటికీ ఉన్న గదికే ధర ఎక్కువ. ఊగుడు కూడా అక్కడే ఎక్కువ. ఉయ్యాల బల్ల చివర కూర్చోవడానికీ నడుమ కూర్చోవడానికీ ఉన్న తేడా పిల్లలకు కూడా తెలుసు. కింది అంతస్తులో, ఓడ నడుమ ఉన్న చిన్న గది చవక, కదలిక తక్కువ. కిటికీ గుండ్రంగా కంచమంత ఉంటుంది, అంతే నష్టం. అయితే ఆ అంతస్తులోనే ఇంజను రొద కూడా ఉంటుంది కాబట్టి ఓడ పటం తెప్పించుకుని ఇంజను గది ఎక్కడుందో చూసుకోవాలి. పగలు ఎలాగూ గదిలో ఉండేది లేదు. రాత్రి నిద్ర పట్టకపోతే మాత్రం తెల్లారి ఆరింటికి పాంగా ఎక్కేవాళ్లలో మీరుండరు. మొత్తం లెక్కలో అది ఒక పూట ఒడ్డు పోయినట్టు.

గాలాపగోస్‌లో దీవికీ దీవికీ మధ్య ప్రయాణం ఎక్కువగా రాత్రిపూటే. జూన్ నుంచి నవంబరు దాకా ఆగ్నేయపు గాలి బలంగా వీస్తుంది, సముద్రం గరుగ్గా ఉంటుంది. జనవరి నుంచి మే దాకా నీళ్లు వెచ్చన, అలలు నెమ్మది. అంటార్కిటికాకైతే దక్షిణ అమెరికా కొసన డ్రేక్ జలసంధి దాటడానికే వెళ్లేటప్పుడు రెండు రోజులు, వచ్చేటప్పుడు రెండు రోజులు పోతాయి. ఆ నాలుగు రోజులు భరించలేం అనుకునేవాళ్ల కోసం చిలీలోని పుంటా అరెనాస్ నుంచి కింగ్ జార్జ్ దీవి దాకా విమానంలో వెళ్లి అక్కడ ఓడ ఎక్కే ఏర్పాటు ఉంది. రెండు గంటల్లో పని అయిపోతుంది. వాతావరణం బాగోకపోతే విమానం లేవదు, ఆ రిస్కు ఉంది. ధరా ఎక్కువే.

ఎనిమిది రోజులంటే ఎన్ని?

బ్రోచరును దగ్గరగా పెట్టుకుని చదవాలి. ‘8 రోజులు, 7 రాత్రులు’ అని ఉంటుంది. మొదటి రోజు: విమానం మధ్యాహ్నం గాలాపగోస్‌లోని బాల్ట్రా దీవిలో దిగుతుంది, బస్సు, పడవ, సామాను, భోజనం, లైఫ్ జాకెట్ డ్రిల్లు, సాయంత్రం దగ్గర్లోని బీచ్‌లో ఒక గంట. ఎనిమిదో రోజు: తెల్లవారుజామున ఒక చిన్న చుట్టు, తొమ్మిదింటికల్లా విమానాశ్రయం. అంటే చేతిలో పడేవి ఆరు పూర్తి రోజులు. ఇక్కడి దాకా మోసమేమీ లేదు, అందరూ అలాగే లెక్కేస్తారు.

ఇంకొంచెం కిందికి చదవాలి. నాలుగో రోజో ఐదో రోజో ‘ఉదయం శాంతా క్రూజ్ కొండ ప్రాంతం, మధ్యాహ్నం చార్లెస్ డార్విన్ కేంద్రం’ అని ఉంటే ఆగి ఆలోచించాలి. ఒకే ఓడ ఒకే చోటికి 14 రోజుల్లోపు రెండోసారి వెళ్లకూడదని పార్కు నియమం, 2012 నుంచి అమల్లో ఉంది. అందుకని ఓడలు రెండు వారాల చుట్టు ఒకటి గీసుకుని, దాన్ని నాలుగు, ఐదు, ఎనిమిది రోజుల ముక్కలుగా కోసి అమ్ముతాయి. మధ్య రోజు అంటే కొందరు దిగిపోయి కొత్తవాళ్లు ఎక్కే రోజు. కొండ మీద పెద్ద తాబేళ్లను చూడటం తప్పక బాగుంటుంది, కానీ ఆ పని ఓడతో అవసరం లేకుండా శాంతా క్రూజ్ దీవిలో హోటల్ తీసుకుని టాక్సీలో కూడా చేసుకోవచ్చు. ఓడ ధర కట్టి టాక్సీ రోజు కొనుక్కున్నట్టు అవుతుంది. రెండు ముక్కలు అతికించిన ‘8 రోజులు’ కంటే మధ్యలో మార్పిడి లేని 8 రోజులకు కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

దారి ఓడ కంటే ముఖ్యం, ఈ ఒక్క మాట మీద రాజీ పడనక్కర్లేదు. పడమటి చుట్టులో ఇసబెలా, ఫెర్నాండినా దీవులుంటాయి. ఎగరడం మానేసిన కార్మొరెంట్ పక్షి అక్కడే కనబడుతుంది, పెంగ్విన్లూ ఎక్కువగా అటే. ఉత్తరాన జెనొవేసా ఎర్రకాళ్ల బూబీల దీవి. ఆగ్నేయాన ఎస్పానోలా, ప్రపంచంలోని వేవ్‌డ్ ఆల్బట్రాస్ పక్షులు దాదాపు అన్నీ గుడ్లు పెట్టేది అక్కడే. అవి ఏప్రిల్‌లో వస్తాయి, డిసెంబరులో వెళ్లిపోతాయి. ఫిబ్రవరిలో ఎస్పానోలా దారి కొంటే, ఓడ ఎంత గొప్పదైనా ఆ పక్షి మాత్రం సముద్రం మీద ఎక్కడో ఉంటుంది. ఎండాకాలం సెలవుల్లోనో, సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడో తేదీలు ముందు ఖాయం చేసుకుని తర్వాత దీవి ఎంచుకోవడం మన అలవాటు. ఇక్కడ వరస మార్చుకోవాలి: ముందు ఏ జంతువు, తర్వాత ఏ నెల, ఆ తర్వాత ఏ చుట్టు, చివర్న ఓడ.

నీళ్లలోకి దిగి చూసే సరదా ఉంటే ఇంకో మాట. గాలాపగోస్ భూమధ్యరేఖ మీదే ఉన్నా, హంబోల్ట్ చల్లటి ప్రవాహం వల్ల జూన్-నవంబరు మధ్య నీళ్లు 20 డిగ్రీల చుట్టుపక్కలకు పడిపోతాయి. రుషికొండ నీళ్లకు అలవాటైన ఒంటికి అది ఐసు. చలి ఆపే ఈత దుస్తు, వెట్ సూట్, ఓడలోనే ఇస్తారా, అద్దెకా, మన సైజు ఉంటుందా అన్నవి ముందే అడగాలి. చేపలకూ పక్షులకూ ఆ చల్లటి కాలమే బోలెడు తిండి దొరికే కాలం, కాబట్టి వణుకుకు ప్రతిఫలం ఉంటుంది.

పడవలోంచి కాలు బయట పెట్టడం

రిటైరైన దంపతులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. బ్రోచరులో ‘వెట్ ల్యాండింగ్’, ‘డ్రై ల్యాండింగ్’ అని రెండు చిన్న మాటలుంటాయి. డ్రై ల్యాండింగ్ అంటే నాచు పట్టిన రాతి మీదికి, ఊగుతున్న రబ్బరు పడవలోంచి అడుగు వేయడం. పేరులోనే ఉంది పొడి, రాయి మీద ఉండదు. వెట్ ల్యాండింగ్ అంటే పడవ అంచు మీద కూర్చుని, రెండు కాళ్లూ బయటికి తిప్పి, మోకాలి లోతు నీళ్లలోకి జారడం.

జాలరిపేట దగ్గర పొద్దున తెప్ప తిరిగొచ్చేటప్పుడు నిలబడి చూస్తే ఆ మెళకువ అర్థమవుతుంది. ఒడ్డు కనబడగానే ఉరకరు. రెండు మూడు పెద్ద కెరటాలను పోనిచ్చి, నీళ్లు కాస్త చప్పబడ్డ క్షణంలో ఒక్క ఊపున వచ్చేస్తారు. పాంగా నడిపేవాడు చేసేదీ అదే. ఓడ మెట్ల దగ్గర పడవ ఒక మీటరు లేచి, మీటరు పడుతూ ఉంటుంది. అది పైకి వచ్చి ఆగిన అరక్షణంలో అడుగు వేయాలి. చేతులు కలిపి పట్టుకోకూడదు, తడి అరచేయి జారిపోతుంది. మీ చెయ్యి సిబ్బంది ముంజేతిని, వాళ్ల చెయ్యి మీ ముంజేతిని పట్టుకోవాలి. రెండో చేతిలో కెమెరా ఉండకూడదు. ఇది రోజుకు రెండు చోట్ల, ఎక్కడమూ దిగడమూ కలిపి ఎనిమిది సార్లు జరుగుతుంది. మోకాలి నొప్పులున్నవాళ్లు మూడో రోజుకు ‘మీరు వెళ్లి రండి, నేను ఓడలో ఉంటా’ అంటారు. అప్పుడు ఆ ఖరీదైన బాల్కనీ నిజంగానే పనికొస్తుంది.

అందుకని ఓడ ఎంచుకునేటప్పుడు రెండు చిన్న విషయాలు చూడాలి. పాంగా ఎక్కే చోటు ఓడ వెనక నీటి మట్టానికి దగ్గరగా వెడల్పాటి అరుగులా ఉందా, లేక పక్కన వేలాడే నిచ్చెన మెట్లా? దిగలేనివాళ్లకు అదే సమయంలో పాంగాలోనే తీరం వెంబడి తిప్పే ఏర్పాటు ఉందా? రెండోది ఉన్న ఓడలో, కాలు నేల మీద పెట్టకపోయినా పెంగ్విన్లూ ఇగ్వానాలూ కనబడతాయి. 48 నుంచి 100 మంది ఓడల్లో ఇది తరచుగా దొరుకుతుంది, గైడ్లు ఎక్కువ కాబట్టి. ఒక్క గైడ్ ఉన్న పదహారు మంది పడవలో ఆయన ఒకేసారి రెండు చోట్ల ఉండలేడు.

రాత్రి ఎవరు మేలుకుంటారు?

భద్రత గురించి ఓడ కంపెనీలు చెప్పేది తక్కువ, జనం అడిగేది ఇంకా తక్కువ. అంతర్జాతీయ సముద్ర నియమాల్లో 12 మందికి మించి ప్రయాణికులున్నదే ‘ప్యాసింజర్ షిప్’. 12 మంది, అంతకంటే తక్కువ ఉన్న పడవలకు ఆ కఠిన నియమాలు వర్తించవు, ఆయా దేశాల సొంత నిబంధనలే దిక్కు. సొంత దేశం దాటని పడవలకూ అంతే. ఇండోనేషియాలో కొమోడో చుట్టూ తిరిగే అందమైన చెక్క పడవలు, ఫినిసి అంటారు, ఎక్కువగా ఈ కోవలోవే. అన్నీ ప్రమాదకరమని కాదు. కొన్ని చాలా బాగా నడుస్తాయి. తేడా కనిపెట్టడం మాత్రం కొనేవాడి మీదే ఉంటుంది.

2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవకు రాత్రి నిద్రలో ఉండగా నిప్పంటుకుంది. కింది అంతస్తులో పడుకున్న 34 మంది చనిపోయారు. రాత్రి తిరిగి చూసే కాపలా లేకపోవడం పెద్ద లోపమని దర్యాప్తులో తేలింది. అది అమెరికా తీరం, నిబంధనలు గట్టిగా ఉండే చోటు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న సూటిగా ఇది: రాత్రంతా ఒకరు మేలుకుని పడవంతా తిరుగుతారా? నిద్రపోయే గదిలోంచి బయటికి రెండు దారులున్నాయా? ఫోన్లూ కెమెరా బ్యాటరీలూ ఎక్కడ చార్జింగ్ పెడతారు? సరిగ్గా నడిపేవాళ్లు ఈ ప్రశ్నకు చిరాకు పడరు.

కఠిన నియమాల కిందికి వచ్చే ఓడ అయితే మునగదా అంటే, ముందు చెప్పుకున్న లిండ్‌బ్లాడ్ ఓడే చేతులు మారి, పేరులో ఎక్స్‌ప్లోరర్ మాత్రం మిగిలి, 2007 నవంబరులో అంటార్కిటికా దగ్గర మంచుకు తగిలి మునిగిపోయింది. అందులో ఉన్న 154 మందీ ప్రాణాలతో బయటపడ్డారు, దగ్గర్లో ఇంకో ఓడ ఉంది కాబట్టి. ఆ తర్వాత ధ్రువ ప్రాంతాల ఓడల కోసం పోలార్ కోడ్ అనే నియమావళి వచ్చింది, 2017 జనవరి 1 నుంచి అమలు. మంచు సముద్రాలకు వెళ్లేవాళ్లు ఓడకు ఐస్ క్లాస్ (మంచును తట్టుకునే కట్టడమన్న గుర్తింపు) ఉందో లేదో అడగడం అందుకే.

దగ్గర్లో ఏముంది?

ఇవన్నీ విని టెన్షన్ పడేవాళ్లకు ఒక సలహా: ముందు ఇంటి సముద్రంలో పరీక్ష చేసుకోవచ్చు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయ పురం) ప్రయాణికుల ఓడ దారి దశాబ్దాల పాతది. ఓడ ఉన్నప్పుడు రెండు రాత్రులకు పైగా బంగాళాఖాతం మీద గడపొచ్చు. దాన్ని జంతువులను చూపించే ఎక్స్‌పెడిషన్ ఓడ అని ఎవరూ అనరు. కానీ మీ కడుపు సంగతి లక్షలు పోయకముందే తేల్చి చెబుతుంది. అక్టోబరు-నవంబరు తుపాన్ల రోజులు వదిలి ఫిబ్రవరిలో వెళ్లడం మేలు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చిందని ఈ ఊళ్లో ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు.

అండమాన్‌లో జంతుసంపదకు లోటు లేదు. నార్కొండం అనే చిన్న దీవిలో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేని హార్న్‌బిల్ పక్షి ఉంది. గ్రేట్ నికోబార్ గలాతియా తీరానికి లెదర్‌బ్యాక్ తాబేళ్లు వస్తాయి. అయితే ఈ చోట్లకు మామూలు పర్యాటకుడు టికెట్టు కొనుక్కుని వెళ్లలేడు. అనుమతుల గోడలున్నాయి, ఉండటమూ మంచిదే. ఎవరైనా ఏజెంటు బయటివాళ్లు వెళ్లకూడని సెంటినెల్ దీవి దగ్గరికి తీసుకెళ్తానంటే ఆ మనిషితో మళ్లీ మాట్లాడక్కర్లేదు.

ఖర్చుకూ అడవికీ మధ్య రాజీ కావాలంటే కొమోడో మంచి మధ్యదారి. విశాఖ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉంది, అక్కడి నుంచి బాలి, బాలి నుంచి కొమోడో పడవలు బయల్దేరే ఊరు లబువాన్ బాజో. ఇండోనేషియా మనవాళ్లకు దిగాక వీసా ఇస్తుంది. 1980లో పార్కుగా ప్రకటించిన ఆ దీవుల్లో రేంజరు తోడు లేనిదే కొమోడో డ్రాగన్లనే పెద్ద ఉడుముల వైపు వెళ్లనివ్వరు. నాలుగైదు రోజుల్లో పని అయిపోతుంది. గాలాపగోస్ అయితే అమెరికా మీదుగా వెళ్లాలంటే విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలి. పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లకు ఆ వీసా ఎలాగూ ఉంటుంది, వాళ్లకు అదే సులువు దారి.

ధర దగ్గర ఓడ టికెట్టు ఒక్కటే చూడకూడదు. గాలాపగోస్ పార్కు ప్రవేశ రుసుము 2024 ఆగస్టు నుంచి విదేశీ పెద్దలకు 200 డాలర్లు, దాని మీద 20 డాలర్ల ట్రాన్సిట్ కార్డు. దీవులకు విమానం, సిబ్బందికి టిప్పులు, ఒంటరిగా వెళ్లేవారికి గది అదనపు చార్జీ. ఇక్కడ ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను) పడుతుంది, అది రిటర్నులో సర్దుకోవచ్చు గానీ ముందైతే కట్టాలి. హెలికాప్టరులోనో విమానంలోనో ఆసుపత్రికి చేర్చే ఖర్చు భరించే ఇన్సూరెన్సు మీద మాత్రం పొదుపు చేయొద్దు. ఓడ బయల్దేరే ఊరికి కనీసం ఒక రోజు ముందే చేరుకోవాలి. విశాఖ నుంచి మూడు విమానాలు మారి వెళ్లేవాళ్లకు రెండు రోజులు నయం. ఓడ ఎవరి సామాను కోసమూ ఆగదు.

ఈక్వెడార్ వెళ్లొచ్చేవాళ్లకు మన దేశంలోకి తిరిగి రావడానికి పసుపు జ్వరం టీకా పత్రం కావాలి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. టీకా వేసే ప్రభుత్వ కేంద్రం విశాఖలోనే ఉంది, హైదరాబాదు పరుగెత్తనక్కర్లేదు. అరవై దాటినవాళ్లకు ఈ టీకా వల్ల ఇబ్బందులు రావడం కాస్త ఎక్కువ కాబట్టి ముందు డాక్టరుతో మాట్లాడుకోవాలి. డబ్బు కట్టాక కాదు, కట్టక ముందు.

ఇక ఆవకాయ. గాలాపగోస్ విమానం ఎక్కే ముందు ఈక్వెడార్‌లోని క్విటోలోనో గ్వయాక్విల్‌లోనో సామాను తనిఖీ చేస్తారు. పళ్లు, గింజలు, మొక్కల ముక్కలు దీవుల్లోకి పోనివ్వరు. బయటి గింజ, బయటి పురుగు అక్కడ ఎంత నష్టం చేస్తాయో వాళ్లకు అనుభవం. ఇసబెలాలో మేకలను తొలగించడానికే ఏళ్లు పట్టింది. టెంకతో సహా ముక్కలున్న ఆవకాయ సీసాను చూసి అది ఊరగాయని స్పానిష్‌లో నచ్చజెప్పే ఓపిక ఉంటే సరే, లేకపోతే కంపెనీ సీలు వేసిన కందిపొడి ప్యాకెట్టు నయం. ఓడలో శాకాహారం దొరుకుతుంది, ముందే రాసి పంపాలి. అన్నం కూడా వండుతారు. పప్పు కింద ఏమిస్తారో మాత్రం వంటవాడి దయ.